భూషయ్య పొట్ట, నక్క పథ్యం

గానుగ సోమలింగం పెరట్లో మూడు రకాల ప్రాణులుండేవి. పాలిచ్చేవి, గుడ్లు పెట్టేవి, భూషయ్య.

భూషయ్య ఎద్దు. ఒకప్పుడు పని చేసినవాడే. కళ్ళకి గంతలు కట్టించుకుని ఏళ్ళ తరబడి గానుగ తిప్పాడు. ఊళ్ళో సగం మంది తలలకి రాసుకున్న నువ్వుల నూనె ఆయన కాళ్ళ కష్టమే. తర్వాత సోమలింగం కరెంటు మోటారు పెట్టాడు. దాంతో భూషయ్యకి పని పోయింది గానీ మేత పోలేదు. పొద్దున్నే చిట్టు కలిపిన కుడితి, మధ్యాహ్నం తెలగపిండి, సాయంత్రం పచ్చగడ్డి, పడుకోబోయే ముందు నోటికి ఊరికే కాస్త ఎండుగడ్డి. నమలడం తప్ప వేరే వ్యాపకం లేదు. పొట్ట రెండు పక్కలకీ పెరిగింది.

"అది పొట్ట కాదు. గాలి," అనేవాడు భూషయ్య ఎవరైనా చూస్తే.

"గాలైతే ఎగిరిపోవాలి కదా భూషయ్యా?" అనేది పక్క గుంజకి కట్టేసిన గేదె నాగరత్నం.

"మా వంశంలోనే ఎముక పెద్దది. మా నాన్న కూడా ఇలాగే ఉండేవాడు."

"మీ నాన్న అరక దున్నేవాడు."

ఆ పొట్ట వల్ల పెరట్లో ఒక్క ఉపకారం జరిగేది. కోళ్ళ గూటి తలుపుకి గడియ ఊడిపోయి చాలా కాలమైంది. భూషయ్య రోజూ సాయంత్రం ఆ తలుపుకి వీపు ఆనించి పడుకునేవాడు. ఆయన అక్కడ పడుకున్నాక తలుపు తియ్యాలంటే ట్రాక్టరు రావాలి. ఇంత పొట్ట ఉండగా ఇంకెందుకని సోమలింగం గడియా చేయించలేదు, కుక్కనీ పెంచలేదు.

ఇలా కాలం హాయిగా గడుస్తుంటే పట్నం జనానికి ఆరోగ్యం మీద ధ్యాస పుట్టింది.

"ఏమేవ్, మళ్ళీ ఎద్దు గానుగ నూనె కావాలంటున్నారే," అన్నాడు సోమలింగం పెళ్ళాంతో. "కార్లేసుకుని మరీ వస్తున్నారు. అందరూ నలభై దాటిన మగాళ్ళే, అందరికీ పొట్టలే. మోటారు నూనె తింటే కొవ్వట. ఎద్దు తిప్పిన నూనె తింటే సన్నబడతారట."

"నడిచేది ఎద్దైతే సన్నబడేది వాళ్ళా?" అంది కామేశ్వరి.

"అది వాళ్ళనడుగు. మనకి బేరం ముఖ్యం."

భూషయ్యని గానుగ కొట్టంలోకి తోలుకెళ్ళి కాడి కట్టారు. రోలు పాతదే, దూలం పాతదే. కానీ మోటారు కోసం పక్కన సిమెంటు దిమ్మ కట్టడంతో దారి సన్నబడింది. దారి సన్నబడితే భూషయ్య వెడల్పయ్యాడు. సగం చుట్టు తిరిగాడో లేదో, రోలుకీ దిమ్మకీ మధ్య సీసాలో బిరడాలా ఇరుక్కుపోయాడు. ముందుకి లాగితే రాలేదు. వెనక్కి నెడితే కదల్లేదు. చివరికి పొట్టకి ఆ నువ్వుల నూనే రాసి బయటికి తీశారు.

సోమలింగానికి తల కొట్టేసినట్టయింది. చూడ్డానికొచ్చిన పట్నం ఆయన ఫోన్లో వీడియో కూడా తీసుకున్నాడు మరి.

"ఉగాది ముందు సంత ఉంది," అన్నాడు సోమలింగం. "దానికి ముందురోజు మళ్ళీ కట్టి చూస్తా. అప్పటికీ ఈ సందులో పట్టకపోతే వీణ్ణి సంతకి తోలేసి, సన్నటి కోడెని కొనుక్కొస్తా."

సంత నుంచి వెనక్కొచ్చిన ముసలి ఎద్దు ఒక్కటీ లేదు. ఆ సంగతి పెరట్లో అందరికీ తెలుసు. ఆ పూట భూషయ్య తెలగపిండి ముట్టుకోలేదు. సాయంత్రానికి రెండు పూటలదీ కలిపి తిన్నాడు. దిగులుకి.

సంతలో అమ్మేస్తే తమ తలుపు కూడా పోయినట్టేనని కోళ్ళు గోల పెట్టాయి. "మావయ్యా, ఎలాగైనా తగ్గు," అంది చుక్కల కోడి. "మరీ తగ్గకు. సందులో పట్టాలి, తలుపు కదలకూడదు. ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో ఆగు."

ఈ ఏడుపులన్నీ పెరటి వెనక రేగుపొదలో కూర్చుని ఒక నక్క వింటోంది. ఆ తలుపు కోసం అది ఎన్నాళ్ళగానో ఎదురుచూస్తోంది. మర్నాడు పొద్దున్నే మొహం కడుక్కుని, తోక దులుపుకుని, దొడ్డిదారిన మర్యాదగా వచ్చింది.

"భూషయ్య గారూ, నమస్కారం. పొట్టలకి పథ్యం చెప్తుంటాను. అటుగా వెళ్తూ మీ మొహం చూశాను. కాస్త నీరసంగా అనిపించారు."

నీరసంగా ఉన్నావన్న మాట వినేసరికి భూషయ్యకి ప్రాణం లేచొచ్చింది. "అదే నేనూ మొత్తుకునేది! వీళ్ళు నమ్మరు. ఎక్కడ చదువుకున్నారు డాక్టరు గారూ?"

"పట్నంలో. పెద్ద హోటలు వెనకాల. జనం ఏం తింటారో ముందు వైపు వాళ్ళకి తెలుస్తుంది. ఏం తినకూడదో వెనక వైపు వాళ్ళకి తెలుస్తుంది."

"ఫీజెంత?" అంది నాగరత్నం నెమరేస్తూ.

"ఛ, డబ్బుల మాటెందుకమ్మా. సేవ."

"ఉచితంగా వైద్యం చేసే నక్కని ఇంతవరకు చూడలేదు."

"మీలాంటి వాళ్ళ మాటలు వినే ఇంతమంది మగవాళ్ళు ఒళ్ళు చేస్తున్నారు," అని నక్క భూషయ్య వైపు తిరిగింది. "కుడితి మానెయ్యండి. చిట్టు మానెయ్యండి. తెలగపిండి వైపు చూడొద్దు. పచ్చగడ్డి మాత్రం ఎంతైనా తినొచ్చు. తెల్లారకముందే లేచి కాలువ దాకా నడిచి రండి. మెల్లగా రండి, తొందరేం లేదు. ఈ తలుపు దగ్గర ముడుచుకు పడుకోవడం అసలే మంచిది కాదు. కొవ్వు ఒక పక్కకే పేరుకుంటుంది."

"విన్నావా?" అన్నాడు భూషయ్య నాగరత్నంతో. "కొవ్వు పేరుకోవడానికి కారణం తలుపట."

"నన్నడిగితే ఒక్క ముక్క చెప్తా. తినేది సగం చెయ్యి. మట్టి తోలే బండికి నిన్ను కట్టమని అయ్యగారి ముందు నిలబడు. రోజూ కాస్త బరువు లాగితే అదే తగ్గుతుంది."

"అది ఎవరైనా చెప్తారు," అన్నాడు భూషయ్య చిరాగ్గా. "అందులో వైద్యం ఏముంది?"

పథ్యం మొదలైంది. పచ్చగడ్డి ఎంతైనా తినొచ్చన్నారు కాబట్టి ఎంతైనా తిన్నాడు. అది ఆరోగ్యం కాబట్టి లెక్కలోకి రాదు. లెక్కలోకి రాదు కాబట్టి మామూలు మేత మామూలుగానే సాగింది. యజమానిని చూసి నేర్చుకున్నదే ఇది. సోమలింగానికి కూడా డాక్టరు పొద్దున్నే రాగిజావ తాగమన్నాడు. ఆయన రాగిజావ తాగి, ఆరోగ్యం పూర్తయిందనుకుని, ఆ తర్వాత పెసరట్టు ఉప్మా తినేవాడు.

నడక కూడా మొదలైంది. తెల్లవారుజామున భూషయ్య గేటు దాటగానే నక్క పొదలోంచి లేచి, ఒళ్ళు విరుచుకుని, నాలుగు అడుగులు తలుపు వైపు వేసేది. ఇంతలో భూషయ్య వెనక్కి వచ్చేసేవాడు. మూతి తుడుచుకుంటూ.

"అప్పుడే కాలువ దాకా వెళ్ళొచ్చారా?" నక్క అదిరిపడేది.

"లేదండీ. మలుపు దగ్గర చెరుకురసం బండి ఉంది కదా. దాని పక్కన చెరుకు పిప్పి పోస్తారు. ఇటుకల బట్టీ గాడిద కూడా నడకకే వస్తోంది. 'నడిచాక ఏదైనా పడకపోతే కళ్ళు తిరుగుతాయి అన్నా' అని అదే పిలిచింది."

"మలుపు ఇక్కడికి రెండు అంగలు!"

"అయినా నడకే కదండీ."

రోజులు గడిచే కొద్దీ భూషయ్య ఇంకొంచెం లావయ్యాడు. నక్క కళ్ళ కింద చారలు వచ్చాయి. వేళకి నిద్ర లేదు, నోట్లోకి కోడి లేదు. రోగి పథ్యం చెయ్యడు, పథ్యం చేస్తున్నానని ప్రమాణం మాత్రం చేస్తాడు. ఈ సంగతి ఏ వైద్యుడైనా మొదటి వారంలో నేర్చుకుంటాడు. నక్క దొంగ వైద్యుడు గనక రోగి మాట నమ్మింది.

సోమలింగం పెట్టిన గడువు దగ్గరికొచ్చేసింది. గానుగకి కట్టి చూసేది రేపే.

ఆ మధ్యాహ్నం భూషయ్య మొదటిసారి నిజంగా భయపడ్డాడు. నీళ్ళ తొట్టిలో తన నీడ చూసుకున్నాడు. తొట్టి నిండా తనే ఉన్నాడు.

"డాక్టరు గారూ," అన్నాడు రేగుపొద దగ్గరికి వెళ్ళి. "నేను అబద్ధాలు చెప్పానండీ. కుడితి మానలేదు. చిట్టు మానలేదు. ఇప్పుడు చెప్పండి, మీరేం చెప్తే అది చేస్తాను. మా అమ్మ తోడు. నన్ను సంతకి పంపకుండా చూడండి."

నక్కకి కళ్ళు మెరిశాయి.

"మీ శత్రువు ఎవరో తెలుసా? పొట్ట కాదు, కళ్ళు. కంటికి కనిపిస్తేనే కదా నోరు ఊరేది. ఈ పూట నుంచి కటిక పస్తు. లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. పొద్దున్నే ఆ మేకుకి తగిలించిన మీ పాత గంతలు కట్టుకుని నడవండి. చెరుకు పిప్పి కనపడదు, గాడిద కనపడదు. తిన్నగా వెళ్ళండి. కాళ్ళకి నీళ్ళు తగిలితే అదే కాలువ. అక్కడ కాసేపు అలుపు తీర్చుకుని వెనక్కి రండి. పొట్ట వెన్నలా కరిగిపోతుంది."

"నువ్వు చూస్తూ ఉండు," అన్నాడు భూషయ్య నాగరత్నంతో.

"చూస్తూనే ఉన్నా," అంది నాగరత్నం.

చిత్రం ఏమిటంటే, ఈసారి భూషయ్య నిజంగానే పస్తున్నాడు. సాయంత్రం కామేశ్వరి మిగిలిన తెలగపిండి తెచ్చి గూటి తలుపు పక్కనే పెట్టి వెళ్తే మొహం తిప్పేసుకున్నాడు. పచ్చగడ్డి పెడితే కళ్ళు మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన మేత మిగల్చడం అదే మొదలు.

తూరుపు తెల్లబడుతుండగా నక్క గంతలు తెచ్చింది. భూషయ్య తల వంచి కట్టించుకున్నాడు. తలుపు దగ్గర్నుంచి లేచాడు.

"తిన్నగా," అంది నక్క.

"తిన్నగానే," అన్నాడు భూషయ్య, బయల్దేరాడు.

నక్క ఇంక వెనక్కి తిరిగి చూడలేదు. మూతితో తలుపు లాగి లోపలికి దూరింది.

చూసి ఉంటే బాగుండేది. హోటలు వెనకాల చదువుకున్న నక్కకి గానుగెద్దు సంగతి ఏం తెలుసు? కళ్ళకి గంతలు పడితే గానుగెద్దు కాళ్ళకి తెలిసిన దారి ఒక్కటే. తను తిన్నగా వెళ్తున్నాననే ఆయన అనుకుంటాడు. అనుకోవడానికే ఆ గంతలు. భూషయ్య మెడ కొద్దిగా ఎడమకి వంగింది. కుడి కాలు కొంచెం పెద్ద అంగ వేసింది. గడ్డివాము దాటాడు, పేడకుప్ప దాటాడు, నాగరత్నం మూతి ముందు నుంచి గంభీరంగా సాగిపోయాడు.

"ఊరు దాటేశాననుకుంటా. గాలి మారింది," అన్నాడు తనలో తను.

నాగరత్నం చెబుదామనుకుంది. నోట్లో ఉన్నది నమిలి మింగాక చెబుదామనుకుంది. ఇంతలో తెరుచుకున్న కోళ్ళ గూటి తలుపునీ, ఆ దగ్గర్లోనే తిరుగుతున్న భూషయ్య పొట్టనీ చూసి, మింగడం కూడా ఆపేసింది.

చుట్టు తిరిగి తిరిగి, ఆకలికి కాళ్ళు తడబడి, భూషయ్య నీళ్ళ తొట్టి పక్కనున్న బురదలో అడుగేశాడు. కాళ్ళకి చల్లగా తగిలింది.

"కాలువ!" అని పొంగిపోయాడు. వైద్యుడు చెప్పినట్టే అలుపు తీర్చుకుందామని నాలుగు అడుగులు పక్కకి జరిగాడు. వీపుకి ఏదో గట్టిగా, హాయిగా, అలవాటైనట్టుగా తగిలింది. కాలువ గట్టు కాబోలనుకుని ఆనుకుని కూలబడ్డాడు.

గూటి తలుపు ధడేలుమని మూసుకుపోయింది.

లోపల చీకట్లో కోళ్ళ వెంట పడి పడి, చివరికి దొరికిన చుక్కల కోడి రెక్క నక్క నోట్లో ఉంది. నక్క తలుపు తోసింది. గోడని తోసినట్టుంది. సందులోంచి చూస్తే పొట్ట తప్ప ఇంకేమీ లేదు. అరవాలంటే నోరు తెరవాలి. తెరిచింది. చుక్కల కోడి ఎగిరి గూటి దూలం మీద కూర్చుంది.

"భూషయ్య గారూ! లేవండి!"

భూషయ్య చెవులు రిక్కించాడు. "డాక్టరు గారా? నా కోసం కాలువ దాకా వచ్చారా?" అన్నాడు. "సొంత అన్నదమ్ములు కూడా ఇంత చెయ్యరండీ."

"ఇది కాలువ కాదు! లేవండి ముందు!"

"లేవలేనండీ. నిన్నట్నుంచి పస్తు. మీరే చెప్పారుగా. కాళ్ళల్లో సత్తువ లేదు."

"అయితే తినండి! ఏదో ఒకటి తినండి! మీ మూతి ముందే తెలగపిండి ఉంది, రాత్రిది!"

భూషయ్యకి వాసన వస్తూనే ఉంది. నోట్లో నీళ్ళూరాయి. కానీ మెల్లగా నవ్వాడు. "నన్ను పరీక్ష చేస్తున్నారు కదూ? పాత భూషయ్య అయితే పడేవాడు. ఇప్పుడు పడను."

"పరీక్ష కాదురా బాబూ! పథ్యం లేదు, ఏం లేదు! కడుపే కైలాసం, తిను! కుడితి తాగు! చిట్టు తిను!"

"చెప్పండి, చెప్పండి. ఇంకా నోరూరేలా చెప్పండి. గడ్డిపరక ముట్టుకుంటే ఒట్టు."

"నీకు పొట్టే లేదు! చాలా సన్నగా ఉన్నావు! అందంగా ఉన్నావు!"

భూషయ్య గంతల కింద కళ్ళు తడిశాయి. "ఎన్నాళ్ళకి విన్నానండీ ఈ మాట."

"ఒరేయ్ భూషయ్యా! లేవరా దున్నపోతా!"

దూలం మీద చుక్కల కోడి గొంతు సవరించుకుంది. "డాక్టరు గారూ, అంత అరవకండి. పరగడుపున నీరసం వస్తుంది."

నాగరత్నం తాపీగా మింగి, "భూషయ్యా, నువ్వలాగే పడుకో," అంది. "జన్మలో ఇంత బాగా ఎప్పుడూ పడుకోలేదు." ఆ తర్వాత తలెత్తి ఊరంతా దద్దరిల్లేలా అరిచింది.

సోమలింగం ఒక చేత్తో రాగిజావ గ్లాసు, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వెనకాల కామేశ్వరి. ఇద్దరూ కలిసి భూషయ్యని అదిలించి, లేపి, తలుపు వారగా తీశారు. నక్క బాణంలా దూసుకొచ్చింది. కర్ర నడుం మీద పడింది. గేటు సందులోంచి దూరేటప్పుడు తోక కుచ్చు ముళ్ళకంచెకి ఉండిపోయింది. కోళ్ళ కోసం వచ్చింది, తోక ఫీజుగా కట్టి పోయింది.

భూషయ్య గంతలు విప్పారు. ఆయన అటూ ఇటూ చూసి, "కాలువేదీ?" అన్నాడు.

సోమలింగం నేల వైపు చూస్తున్నాడు. పెరటి మట్టిలో గుండ్రంగా, ముగ్గు వేసినట్టు, ఒకే అడుగు మీద అడుగు పడి చక్కటి చుట్టు. ఎక్కడా తప్పలేదు, ఎక్కడా దేనికీ తగల్లేదు.

"చూశావటే," అన్నాడు. "కళ్ళు కనపడకపోయినా పని మర్చిపోలేదు వీడు. సందు చిన్నదైపోయింది, అంతే. నువ్వులు పొయ్యడానికి ఆ దిమ్మ పక్క నుంచి నేను కూడా అడ్డంగా తిరిగే వెళ్తున్నాను."

"అయితే సంతకి ఇద్దర్నీ తోలమంటారా?" అంది కామేశ్వరి.

సోమలింగం చేతిలో గ్లాసు వైపు చూసుకున్నాడు. ఆ రోజే మనుషుల్ని పిలిపించి రోలు పెకలించి, భూషయ్య గీసిన చుట్టు మధ్యలో పాతించాడు. ఆరుబయట గానుగ అయ్యేసరికి పట్నం వాళ్ళకి వీడియోలు తీసుకోవడానికి ఇంకా వీలైంది. కోళ్ళ గూటికి గడియ కూడా వేయించాడు.

భూషయ్య మళ్ళీ పనిలో పడ్డాడు. పని చేసి తినేసరికి ఆకలికి సరిపడా తినడం దానంతటదే వచ్చింది. వానలు పడే నాటికి పాత సందులో కూడా పట్టేంత తగ్గాడు. ఎవరైనా అడిగితే మాత్రం, "అంతా డాక్టరు గారి పథ్యం అండీ. ఆ ఒక్క పూట లంఖణమే నన్ను మార్చేసింది," అని చెప్తాడు. ఇటుకల బట్టీ గాడిద నమ్మి, ఆ డాక్టరు గారి అడ్రసు కోసం వెతుకుతోంది.

డాక్టరు గారు రేగుపొదలోనే ఉన్నారు. గూటికి గడియ పడ్డాక ఆయనకి పూటపూటా లంఖణమే. బాగా సన్నబడ్డారు. ఆ వైద్యం ఎవరికైనా నిజంగా పనిచేసిందంటే ఆయనకే.

నీ పొట్ట తగ్గాలని నీకంటే ఎక్కువ తొందరపడేవాడి చూపు నీ పొట్ట మీద ఉండదు, దాని వెనకున్న తలుపు మీద ఉంటుంది.